మధుసూదన్ గారి పక్షి ప్రేమ

అల్వాల్‌లోని మా కాలనీలో మధుసూదన్ గారికి జంతు ప్రేమికుడని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది టీవీ. బీమా ఆఫీసులో ఉద్యోగానికి యాభై ఎనిమిదో ఏటనే స్వస్తి చెప్పి, గోడంత టీవీ కొని హాల్లో బిగించుకున్నారు. ఇక పొద్దుటి టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా ఆ తెర నిండా అడవులు, ఎడారులు, సముద్రాలు.

నేను పక్కింటి యెషయాను. స్కూల్లో లెక్కలు చెబుతాను. మొదట్లో ఆయన పిలిస్తే వెళ్ళి కూర్చునేవాణ్ణి. బాగుండేది, కాదనను. పులి వేటాడితే రక్తం మన చాప మీద పడదు. ఏనుగుల మంద వెళ్తుంటే పేడ కంపు కొట్టదు. ఎక్కడ భయపడాలో, ఎక్కడ ఏడవాలో వెనకనుంచి సంగీతమే చెబుతుంది. గంటసేపట్లో పుట్టుక, వలస, చావు అన్నీ చూసేసి, మనసు కడుక్కున్నట్టు తేలిగ్గా లేచి అన్నానికి వెళ్ళొచ్చు. మధుసూదన్ గారు రోజుకు ఐదారుసార్లు అలా మనసు కడుక్కునేవారు. అయినా అది శుభ్రపడినట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

ధ్రువపు ఎలుగుబంటి ఎంత బరువుంటుందో ఆయనకు నోటికి వచ్చు. మా చెరువుకు ఏ పిట్టలొస్తాయో తెలియదు. ఒక సాయంత్రం అటు నడుద్దామంటే, "అక్కడ దోమలు సారూ" అన్నారు.

ఆయన భార్య ఊర్మిళ గారికి చికున్‌గున్యా వచ్చి కీళ్ళు పట్టేసినప్పుడు నేనూ మా ఆవిడ రోసమ్మా గంజి పట్టుకుని వెళ్ళాం. ఆమె మంచం మీంచి లేవలేక మూలుగుతోంది. హాల్లోంచి ఈయన కేక.

"ఊర్మీ, జల్ది రా! ఏనుగు పిల్ల బురదల ఇరుక్కుంది!"

కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ గది గుమ్మం దగ్గరికొచ్చి, "బతికింది సారూ, పిల్ల బతికింది" అని మాకు చెప్పి మళ్ళీ వెళ్ళిపోయారు. మంచం మీది మనిషి ఎలా ఉందో అడగలేదు.

పోయినేడు జూన్‌లో తొలి వానలు పడ్డాక, ఆయన గేటు ముందున్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు మీదికి తెల్లకొంగలు వచ్చాయి. ముక్కున పుల్లలు కరచుకొచ్చి గూళ్ళు కట్టాయి. నలభై దాకా లెక్కపెట్టాను. జూలై చివరికి గూళ్ళలో పిల్లలు, పొద్దస్తమానం అరుపులు. మధుసూదన్ గారు వేల మైళ్ళ అవతల చూసి మురిసిపోయే దృశ్యమే ఆయన గుమ్మంలో ఆడుతోంది. టికెట్టు లేదు, ప్రకటనల్లేవు.

కానీ రెట్టలున్నాయి. ఆయన తెల్లకారు మీద పడ్డాయి. నీసు వాసన హాల్లోకి వచ్చింది. పైగా శ్రావణంలో ఆయన షష్టిపూర్తి. ఆ చెట్టు కిందే షామియానా వేసి భోజనాలు పెట్టాలని ఆయన ఆలోచన. కాలనీ సంఘానికి అర్జీ రాసి సంతకాలకు మా ఇంటికొచ్చారు.

"నాకంటె ఎక్కువ ప్రేమ ఎవరికుంటది సారూ పక్షులంటే? కానీ ఇవి ఉండాల్సిన జాగ ఇది కాదు. వాటి హాబిటాట్ వేరే."

"రెండు నెలలు ఆగితే పిల్లలు ఎగిరిపోతాయి కదండీ" అన్నాను.

"ఫంక్షన్ రెండు నెలలు ఆగదు కద."

మా గేటు ముందు రోడ్డు ఊడ్చే లచ్చమ్మ చీపురు ఆపి వింటోంది. "పిల్లలున్నయ్ సారూ, పాపం తగుల్తది" అంది. ఆమె మాట ఆయన చెవికి చేరినట్టు లేదు. నేను సంతకం పెట్టాను. మా ఆరేసిన బట్టల మీదా రెట్టలు పడుతున్నాయని ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది. ఆయన్ని వేలెత్తి చూపుతున్నాను గనక ఇదీ చెప్పాలి.

ఆదివారం పొద్దున ఇద్దరు మనుషులు రంపం మిషన్‌తో వచ్చారు. కొమ్మలు మాత్రమే అన్నారు. చివరికి మోడు మాత్రమే మిగిలింది. చర్చి నుంచి మేము తిరిగొచ్చేసరికి రోడ్డంతా పుల్లలు, పగిలిన గుడ్లు, ఈకలు సరిగా రాని పిల్లలు. పైన తల్లికొంగలు అరుస్తూ తిరుగుతున్నాయి. లచ్చమ్మ అట్టపెట్టెల్లోకి పిల్లల్ని ఏరుతోంది. నేనూ రోసమ్మా కూచుని ఏరాం. బతికున్నవి ఇరవై మూడు దొరికాయి.

మధుసూదన్ గారు బాల్కనీలోకి వచ్చి ఒకసారి చూశారు. నన్ను చూసి, ఎంతో తెలిసినవాడిలా, "అడవిల సుత పదింట్ల ఎనిమిది పిల్లలు బతకవ్ సారూ. నేచర్ గట్లనే ఉంటది" అన్నారు. లోపలికెళ్ళి కిటికీలు మూసుకున్నారు. అద్దాల వెనక టీవీ చప్పుడు పెరిగింది.

షష్టిపూర్తి ఘనంగానే జరిగింది. నీడ లేక షామియానా కింద చుట్టాలు ఉడికిపోయారు.

లచ్చమ్మ ఆ పెట్టెల్ని కాలనీ నీళ్ళ మోటరు గదిలో పెట్టుకుంది. మార్కెట్లో మిగిలిన చిన్నచేపలు అడిగి తెచ్చి, ముక్కు తెరిచి తినిపించేది. రోజుకు రెండో మూడో చచ్చిపోయేవి. ఊర్మిళ గారు మోకాళ్ళ నొప్పులతోనే మెట్లు దిగొచ్చి ఆమె పక్కన కూచునేది. చివరికి నాలుగు మిగిలి, నిలబడి, రెక్కలు కొట్టడం మొదలుపెట్టాయి.

అప్పుడొచ్చారు మధుసూదన్ గారు, ఫోనూ స్టాండూ పట్టుకుని. కొంగపిల్లకు చేప తినిపిస్తున్న చెయ్యి మాత్రం కావాలి ఆయనకు, మనిషి అక్కర్లేదు.

"జెర పక్కకు జరుగు లచ్చమ్మా, ఫ్రేములకొస్తున్నవ్."

లచ్చమ్మ జరిగింది. ఆయన తన చేత్తో ఒక చేప అందించి, వీడియో తీయించుకుని, దానికి వేణువు సంగీతం తగిలించి, 'మా కాలనీ కాపాడిన ప్రాణాలు' అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. చెట్టు నరకడానికి సంతకం పెట్టిన వాళ్ళంతా దండాల బొమ్మలు పంపారు.

ఆ రోజే ఊర్మిళ గారు ప్రహరీ దగ్గర నిలబడి నాతో ఒక మాట చెప్పింది. "అన్నా, నిన్న ఆయన సీల్ పిల్ల చచ్చిపోయేది చూస్తుండె. రిమోట్ తీసుకొని నేను సౌండ్ బంద్ చేసిన. ఒక్క చుక్క రాలే కండ్లల్లకెళ్ళి. 'సౌండేమైంది?' అని నా మీద గరమైండు." నవ్వలేదు ఆమె. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో తేలని లెక్క తేలినదానిలా నిలబడింది. తర్వాత ఆమె ఆ హాల్లో కూచోవడం మానేసింది. సాయంత్రాలు రోసమ్మతో కలిసి చెరువు గట్టుకు నడవడం మొదలుపెట్టింది.

కొంగలు సెప్టెంబరులో ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. లచ్చమ్మ మోటరు గది కడిగేసింది.

అక్టోబరులో మా స్కూల్లో వన్యప్రాణి వారోత్సవం. ఎవరి ద్వారానో ఆ వీడియో చూసిన హెడ్మిస్ట్రెస్, మధుసూదన్ గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన పొరుగువాణ్ణి కాబట్టి పరిచయం చేసే పని నాకు పడింది. "గాయపడిన పక్షులను అక్కున చేర్చుకున్న ప్రకృతి ప్రేమికులు" అని రాసిచ్చిన కాగితాన్ని, ఒక్క అక్షరం పోకుండా, గట్టిగా చదివాను. ఆయన శాలువా కప్పించుకుని, ప్రకృతిని కన్నతల్లిలా చూసుకోవాలని గంటసేపు చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక రోసమ్మ అడిగింది. "లచ్చమ్మ పేరు చెప్పిన్రా?"

"కాగితంలో లేదు" అన్నాను.

ఆమె లేచి అన్నం వడ్డించింది.