అక్క అత్తగారి బోణీ

అమెరికాలో మా అక్క అత్తగారు యూదులావిడ. చిన్నప్పుడే పోలండ్ నుంచి అక్కడికి వలస వెళ్ళారు. తెనాలి వచ్చినప్పుడు, బేరమంటే ఏంటో చూపిద్దామని పొద్దున్నే చీరల కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్ల మధ్య పెరిగినవాణ్ణి కదా! బేరం తెగక, నా పాత ఎత్తు ప్రకారం ఆవిడనీ లేపి చెప్పులేసుకున్నాను.

"బోణీ బేరమండీ, వెళ్ళిపోకండి బాబూ," అన్నాడు కొట్టాయన దిగులుగా.

బోణీ అంటే ఏంటని ఆవిడ అడిగితే చెప్పాను. వెంటనే మళ్ళీ కూర్చున్నారు. న్యూయార్క్‌లో వాళ్ళ నాన్న తోపుడు బండి మీద బట్టలమ్మేవారట. మొదట వచ్చిన మనిషి కొనకుండా పోతే ఆ రోజంతా ఆయనకు అన్నం సయించేది కాదట. కొట్టాయన చెప్పిన ధరకే ఆవిడ చీర తీసుకున్నారు.

కొట్టాయన నోట్లు కళ్ళకద్దుకుని, నేనెంత అరిచినా తగ్గించని వంద ఆవిడ చేతిలో పెట్టాడు.

"మంచి చెయ్యమ్మా మీది! రేపూ మీరే రండి. ఈ బాబుని మాత్రం సాయంత్రం పంపండి."

అది ఇంగ్లీషులో ఆవిడకు చెప్పాల్సింది కూడా నేనే.