క్రిస్మస్ తాతకు భయపడిన బొట్టు

మా మామ్మ పాపాయమ్మే మా పేటకు క్రిస్మస్ తాత. దెందులూరు అవతల హైవేకి దగ్గర్లో ఉంది మా పేట. చిన్నపిల్లలకు తప్ప, తాత వేషంలో ఉండేది మామ్మేనని అందరికీ తెలుసు. పదకొండేళ్ల కిందట, అప్పటిదాకా ఆ వేషం కట్టే అబ్రహాం గారికి జ్వరమొస్తే, ఒక్కపూటకని ఆయన ఎర్రకోటు తొడుక్కుంది. అంతే, మళ్లీ ఆయన చేతికి ఇవ్వలేదు. ఇంత పొడుగు మనిషి, ఇంత బాగా గంతులేసే మనిషి పేటలో ఇంకెవరున్నారని అడుగుతుంది. మోకాళ్ల నొప్పులు మాత్రం జనవరి ఒకటిన గుర్తొస్తాయి.

ఇరవై రెండేళ్లు కొల్లేటి వైపు చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు కొట్టి ట్రేలు సర్దింది. ఈ ఏడాది మొదట్లో పని మానేసిన రోజున ఖాళీ ట్రేలో పడుకున్న కుక్కపిల్లని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చింది. దాని నుదుటి మీద గుండ్రటి మచ్చ ఉంది, అందుకని బొట్టు అని పిలిచింది. మనవాళ్లింట్లో ఆ పేరేమిటమ్మా అని పాస్టరు గారు నవ్వితే, "నేను పెట్టింది కాదండీ, పుట్టుకతో తెచ్చుకుంది" అంది.

పోయిన క్రిస్మస్‌కి సూరమ్మ గారి కుక్క టపాకాయల మోతకి బెదిరి హైవే మీదకి పరుగెత్తింది. మరి తిరిగి రాలేదు. అది చూసిన మామ్మకి ఈ డిసెంబరులో పండగ కంటే ముందు బొట్టే. కేకులో వేసే ఎండుద్రాక్ష తింటే కుక్కల కిడ్నీలు పాడవుతాయని ఏలూరులో పశువుల డాక్టరు గారు చెప్పారట, ఇంటింటికీ తిరిగి బొట్టుకి కేకు పెట్టకండని బతిమాలుకుంది. స్టారుకి వేసిన కరెంటు తీగని దానికందకుండా పైకి కట్టించింది. కేరల్స్ డ్రమ్ము చప్పుడు వినపడగానే బొట్టుని వెనకగదిలో కట్టెయ్యడం నా పని. పదో తరగతి రెండుసార్లు తప్పినదానికి ఈ ఒక్క పరీక్షయినా ఇవ్వొచ్చనుకుంది పాపం మామ్మ.

ఇరవైనాలుగో తారీఖు సాయంత్రం నాలుగింటికి కేరల్స్ వాళ్లు మామ్మని ముందు పెట్టుకుని, పాటలు పాడుతూ మా వీధిలోకి వచ్చారు. బొట్టుని కట్టేశాను. నిజంగానే కట్టేశాను. కానీ డ్రమ్ము దగ్గరవుతుంటే నాకొక కోరిక పుట్టింది. క్రిస్మస్ తాత పక్కన బొట్టుని నిలబెట్టి ఒక ఫొటో తీసి స్టేటస్ పెడితే ఎంత బాగుంటుంది! వెళ్లి ముడి విప్పేశాను.

మామ్మ ముఖానికి మాస్కు, దూది గడ్డం, ఏడాదంతా ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉన్న ఎర్రకోటుతో గుమ్మంలోకి గంతేసింది. బొట్టు ఆ ముఖం చూసింది, ఆ వాసన చూసింది. తన మనిషని పోల్చుకోలేదు. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, డ్రమ్ము కొట్టే అజయ్ కాళ్ల సందులోంచి దూరి వీధిలో పడింది.

దాని వెనక క్రిస్మస్ తాత పరుగు. తాత పరుగెత్తుతున్నాడు గనక ఇదేదో కొత్త ఆటనుకుని పిల్లలు తాత వెనక. కొత్త స్టెప్పనుకుని అజయ్ వాయింపు పెంచాడు. మేం దగ్గరయ్యే కొద్దీ బొట్టు దూరం. చేపల చెరువుల గట్లన్నీ అలాగే దాటేశాం. చివరి గట్టు దిగితే హైవే. లారీలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆరింటికి చర్చి దగ్గర టపాకాయలు అంటిస్తారు. అప్పటికి అది దొరక్కపోతే ఎటు పోతుందో నాకు తెలుసు. ఫొటో తీద్దామనుకున్న ఫోను చేతిలో చెమటకి జారిపోతోంది.

చివరి గట్టు మీద బొట్టు ఆగి వెనక్కి చూసింది. మామ్మ రెండు చేతులూ ఎత్తి అందర్నీ ఆపింది.

"డ్రమ్ము ఆపు బాబూ. ఇంకొక్క అడుగు వేశారంటే నా కుక్క రోడ్డెక్కేస్తుంది."

తాత నోట్లోంచి మామ్మ గొంతు వచ్చేసరికి పిల్లలు కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. మామ్మ మాస్కు తీసేసి మెల్లిగా పిలిచింది. బొట్టు చెవులు నిక్కించింది, ఒకడుగు వేసింది, ముక్కెగరేసి మళ్లీ వెనక్కి జరిగింది. అప్పుడు మామ్మ కోటు కూడా విప్పి అవతల పారేసి, చీర ఎగ్గట్టుకుని నీళ్ల ఒడ్డున చతికిలబడింది. చేతులు మోచేతుల దాకా చెరువులో ముంచి బురద పట్టించి, ఆ చేతులు ముందుకి చాపింది. షెడ్డు నుంచి ఇంటికొచ్చే రోజుల్లో మామ్మ దగ్గర ఆ చేపల వాసనే ఉండేది. ముక్కు మూసుకుని ఏడిపించేదాన్ని.

బొట్టు పొట్ట నేలకానించి పాకుతూ వచ్చింది. చేతులు వాసన చూసి, తల తీసుకెళ్లి మామ్మ చంకలో దూర్చేసింది.

ఆరేళ్ల హర్షిణి ముందుకొచ్చింది. "పాపాయమ్మ గారూ, తాత గారి బట్టలు మీరెందుకు వేసుకున్నారండీ?"

"ఆయన పరుగెత్తలేక నన్ను పంపారమ్మా. ఆరింటికి ఆయనే వస్తారు."

ఇంటికొచ్చాక నా నోరు ఆగలేదు. ముడి విప్పింది నేనేనని చెప్పేశాను. మామ్మ బొట్టు కాళ్లు తుడుస్తూ తలైనా ఎత్తలేదు.

"తెలుసులేవే. తెంపుకుని పోయుంటే దాని మెడకి తాడు ముక్క ఉండేది. పరుగెత్తినంత సేపూ నిన్నేం చెయ్యాలా అనే ఆలోచించాను."

"ఏం చేస్తావు మరి?"

"తాత వస్తారని పిల్లలకి మాటిచ్చాను. నేను దీన్ని వదిలి రాను. కోటు తొడుక్కో."

ఆరింటికి చర్చి ముందు నేను గంతులేస్తుంటే కోటు నా మోకాళ్లు దాటి వేలాడింది. పరుగెత్తే ఓపిక కూడా లేక తాత కుంచించుకుపోయాడని పిల్లలు జాలిపడ్డారు. అజయ్ టపాకాయల పెట్టె ఎత్తుకుని చర్చి దగ్గర వద్దని దూరంగా స్కూలు గ్రౌండుకి పట్టుకెళ్లాడు. మొదటిది పేలగానే నా అడుగులు తప్పాయి, కళ్లు మా ఇంటి వైపు పోయాయి.

అన్నీ అయ్యాక కోటు బయటే విప్పి లోపలికెళ్లాను. వెనకగదిలో రేడియో మోగుతోంది. మామ్మ గోనెపట్టా మీద కూర్చుని బొట్టు చెవులు రెండూ అరచేతులతో మూసి పట్టుకుంది.

"ఎలా ఆడావే?"

"బాగానే ఆడాను మామ్మా."

"అబద్ధం. కిటికీలోంచి కనిపించావు. మోకాళ్లు వంచడం రాదు నీకు, రేపు పొద్దున్న నేర్పిస్తాను. ముందు ఇలా కూర్చుని దీని వీపు మీద చెయ్యి వెయ్యి. ఇంకా వణుకుతోంది."

వేశాను. నిజంగానే వణుకుతోంది. రేడియోలో రెండో పాట సగానికి వచ్చేసరికి తగ్గింది.