టికెట్టు కిటికీలో దారి చెప్పిన రోజులు

పోయిన ఆదివారం గుణదలలో మా చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షనుకి వెళ్దామని మంగళగిరిలో ఆటో ఎక్కాను. ఆటో అతను దారి పొడుగునా ఒక్క మనిషిని కూడా అడగలేదు. హ్యాండిలుకి తగిలించిన ఫోనులోంచి ఎవరో ఆడమనిషి గొంతు కుడికి అంటే కుడికి, ఎడమకి అంటే ఎడమకి తిప్పుకుంటూ, సందులన్నీ దాటించి సరిగ్గా హాలు గుమ్మం ముందు దించాడు. నాకు నవ్వొచ్చింది. ఆ గొంతు చేస్తున్న పనిని నేను ఇరవై రెండేళ్ళు చేశాను మరి. జీతం మాత్రం టికెట్లు చింపినందుకు ఇచ్చేవాళ్ళు, దారి చెప్పడం నా అంతట నేను పెట్టుకున్న పని.

మాది మగ్గాల ఇల్లు. మా అత్తగారింట్లో తెల్లవారేసరికే మగ్గాలు ఆడుతుండేవి. పదో తరగతి చదివిన కోడలిని నేనొక్కదాన్నే కావడంతో, బెజవాడలో ఒక పార్కులో టికెట్లిచ్చే ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో వారం రోజులు తర్జనభర్జన జరిగింది. చివరికి మా అత్తగారే, మగ్గం దగ్గరైనా కూర్చునేగా చేసేది, అక్కడా కూర్చునే చేస్తుంది, వెళ్ళనీయండి అని తేల్చేశారు. అప్పటినుంచీ అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, బస్సులో బ్యారేజీ దాటుతూ కృష్ణలో నీళ్ళెంత ఉన్నాయో చూసుకోవడం నాకు రోజూ అలవాటైపోయింది. నీళ్ళు నిండుగా కనబడిన రోజున ఎందుకో పని కూడా తేలిగ్గా అనిపించేది.

మా పార్కు గేటు దాటగానే పెద్ద సిమెంటు ఏనుగు, దాని దగ్గర మూడు దారులు. గేటు పక్కన బోర్డు ఒకటి ఉండేది కానీ, సగం ఇంగ్లీషులో, సగం ఎవరూ మాట్లాడని తెలుగులో ఉండేది. ఆ తెలుగు సగాన్నీ కాగితం పూల తీగ కప్పేసింది. అందుకని వచ్చినవాళ్ళంతా నన్నే అడిగేవాళ్ళు. పిల్లల రైలెక్కడ, మంచినీళ్ళెక్కడ, ఉసిరిచెట్లెక్కడ, ఇందాక ఇక్కడే ఉన్న మా బావగారు ఎటెళ్ళారు, అన్నీ నాకే. ఆడవాళ్ళు మాత్రం ఒక సంగతి సూటిగా అడిగేవాళ్ళు కాదు. టికెట్లు కొని మగవాళ్ళు నాలుగడుగులు ముందుకెళ్ళాక, చెంగు సర్దుకుంటూ వెనక్కొచ్చి, కిటికీలోకి వంగి, "ఇక్కడ..." అని ఆగిపోయేవాళ్ళు. నాకు అర్థమైపోయేది. ఏనుగు తోక వైపు వెళ్ళి, గులాబీల మడి దాటాక ఎడమ పక్కన రేకుల షెడ్డు వెనకాల అని మెల్లగా చెప్పేదాన్ని.

అలా కొన్నేళ్ళు గడిచాక, ఒక ఏడాది తొలకరి రోజుల్లో ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో నోటుపుస్తకం, భుజానికి సంచీ, సంచీలో దర్జీవాళ్ళ టేపు. పామర్రు దగ్గర రైతుల బిడ్డ, ఎక్కడో పెద్ద ఊళ్ళో డిజైను చదువుతోందట. డిజైను అంటే చీరల అంచులనుకున్నాను, మా ఇంట్లో మాకు తెలిసింది అదే కదా. కాదట. కొత్తచోటికి వచ్చిన మనిషి తన దారి తాను ఎలా తెలుసుకుంటాడు, బోర్డు ఎక్కడుండాలి, అక్షరం ఎంతుండాలి, బాణం గుర్తు ఎటు చూడాలి, అదంతా ఒక చదువేనట. ఊళ్ళో ఎవరైనా మీ అమ్మాయి ఏం చదువుతోందని అడిగితే వాళ్ళ నాన్నగారు "ఏవో బొమ్మలండీ" అని మాట మార్చేస్తారని నవ్వుతూ చెప్పింది. ఈ ఏడాది నలుగురికీ పనికొచ్చేదేదైనా చేసి చూపించకపోతే ఆ చదువు మాన్పించి బీఈడీలో చేరుస్తానన్నారట. ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

అందుకే మా పార్కుకి బోర్డులు చేసి చూపిద్దామని వచ్చింది. మొదటి వారం ఉన్న బోర్డు ఫొటోలు తీసింది, అక్షరాలు కొలిచింది, ఏనుగు దగ్గర నిలబడి ఎవరెటు వెళ్తున్నారో గీతలు గీసుకుంది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "ఆంటీ, వారం నుంచీ చూస్తున్నా, బోర్డు చదివినవాళ్ళు నలుగురు కూడా లేరు. అందరూ మీ దగ్గరికే వస్తున్నారు. మీ పక్కన కూర్చోనా?" అంది. స్టూలు వేశాను. ఎవరేమడిగారో, నేనేం చెప్పానో మాటకి మాట రాసుకునేది. నేను మాట్లాడేది కూడా రాసుకునేవాళ్ళుంటారా అని మొదట్లో సిగ్గేసింది. నాలుగు రోజులు పోయాక ఇస్త్రీ చీరలు కట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. మా అత్తగారు కనిపెట్టి, ఆఫీసులో ఏంటమ్మా విశేషం అని అడిగారు కూడా.

నాకు మంగళవారం సెలవు. ఆ రోజు నా బదులు ఒకాయన కూర్చునేవారు. నెమ్మదస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆ అమ్మాయి మంగళవారం కూడా వచ్చి, దూరంగా ఏనుగు దగ్గర కూర్చుని రాసుకుంది. బుధవారం నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి నాకోసం ఎదురుచూస్తోంది. మొహం వాడిపోయి ఉంది.

"ఆంటీ, నిన్న ఆడవాళ్ళు కిటికీ దాకా వచ్చి, లోపల ఆయన్ని చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా అడగలేదు. నిండు చూలాలు ఒకావిడ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. తర్వాత కాసేపటికే ఆవిడ ఇంటివాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు, తెచ్చుకున్న పులిహోర గిన్నె మూత కూడా తియ్యలేదు."

ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. నేను సెలవు పెట్టిన రోజులు, జ్వరమొచ్చిన రోజులు, మా రెండోవాడి పురుటికి ఇంట్లో ఉండిపోయిన నెలలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. అన్ని రోజులూ ఎంతమంది అలా వెనక్కి తిరిగి ఉంటారు? దారి చెబుతున్నానని మురిసిపోయానే గానీ, నేను లేని రోజున ఆ దారి కూడా ఉండదన్న సంగతి నాకు తట్టనేలేదు.

అక్కణ్ణుంచి ఆ పని నాది కూడా అయింది. ముందు అట్టముక్కల మీద బోర్డులు రాసి కట్టి చూద్దామంది. తను "మహిళల శౌచాలయం" అని రాసుకొచ్చింది. ఆ మాట కిటికీ దగ్గర ఇన్నేళ్ళలో ఒక్కరి నోట కూడా వినలేదమ్మా, "ఆడవాళ్ళ బాత్రూములు" అని రాయి, చదివినవాళ్ళకి చదువుతుండగానే తెలియాలి అన్నాను. చదువురానివాళ్ళ కోసం బొమ్మ కూడా వేసింది. గౌను తొడుక్కున్న బొమ్మ. అన్నిచోట్లా అలాగే వేస్తారట. నేను నవ్వు ఆపుకోలేక, "ఆ గౌనుపిల్లని చూసి పల్లెటూరి వాళ్ళు చిన్నపిల్లలు ఆడుకునే చోటు అనుకుంటారే!" అన్నాను. చటుక్కున ఆగి, నా వంక కాసేపు చూసి, అక్కడికక్కడే కొప్పు పెట్టి, చీరకట్టి, పైట వేసి కొత్త బొమ్మ గీసింది. ఆ పైట నాదేనని నా నమ్మకం.

అట్టలు కట్టిన రోజు రెండు గంటలపాటు నేను నోరు మెదపకూడదని షరతు. అంత కష్టమైన డ్యూటీ నేనెప్పుడూ చెయ్యలేదు. ఒక ముసలాయన వచ్చి రైలెక్కడమ్మా అంటే, పెదాలు బిగబట్టుకుని బోర్డు వైపు చెయ్యి చూపించాను, పాపం మూగదాన్నేమో అనుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూతురిని వెంటబెట్టుకుని ఒకావిడ వచ్చింది. చెంగు సర్దుకుంటూ నా వైపు రెండడుగులు వేసింది. అట్ట మీద బొమ్మ చూసింది. కూతురి చెయ్యి పట్టుకుని ఏనుగు తోక వైపు వెళ్ళింది, మలుపులో ఇంకో అట్ట చూసుకుని గులాబీల పక్కన ఎడమకి తిరిగింది. నన్ను ఒక్క మాట అడగలేదు. స్టూలు మీద ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పది రోజులకి మా పెద్దాఫీసరు గారి గదిలో మీటింగు పెట్టారు. సిబ్బంది కూడా రావాలంటే నేనూ వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. ఆ అమ్మాయి పటాలు పరిచి అంతా వివరంగా చెప్పింది. ఆయన బాగుంది బాగుంది అంటూ విన్నారు గానీ, గేటు దగ్గర పెట్టాల్సిన మొదటి బోర్డు దగ్గరికొచ్చేసరికి తల అడ్డంగా ఊపారు.

"గేటులోనే బాత్రూముల బోర్డా? వచ్చేవాళ్ళు ఏమనుకుంటారమ్మా, పార్కు పరువేం కాను? లోపలెక్కడన్నా చిన్నది పెట్టండి చాలు."

ఆ అమ్మాయి మంగళవారం సంగతి చెప్పబోయింది. ఆయన అప్పటికే కాగితం తిప్పేశారు. నాకేమైందో తెలియదు. ఆ గదిలో అంతకుముందు నేను నోరు తెరిచిందే లేదు. గోడ పక్కనుంచి ఒకడుగు ముందుకేశాను.

"అయ్యగారూ, పోయిన కార్తీకంలో మీ అమ్మగారు వనభోజనాలకి వచ్చారండి. ఆవిడా నా కిటికీ దగ్గరికే వచ్చారండి. ఆ రోజు మంగళవారమైనా, సెలవు మార్చుకున్నాను కాబట్టి నేనున్నాను. లేకపోతే ఆవిడ ఎవర్ని అడిగేవారండి?"

మా సూపరింటెండెంటు గారు నా వైపు చూసిన చూపుకి, ఉద్యోగం అయిపోయింది, రేపట్నించి మగ్గమే అనుకున్నాను. పెద్దాఫీసరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మా అమ్మ ఆ రోజు సాయంత్రం దాకా ఉంది. పార్కు చాలా బాగుందిరా అంది," అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో తెలియదు. తర్వాత కాగితం వెనక్కి తిప్పి, "గేటు దగ్గరే పెట్టండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి," అని సంతకం చేశారు.

కోతలైపోయి కుప్పలు వేసిన రోజుల్లో అసలు బోర్డులు లేచాయి. ఆ ఉదయం తెల్లపంచె కట్టుకుని, ఎండకి కమిలిన మొహంతో ఒక పెద్దాయన నా కిటికీ దగ్గరికొచ్చి, "పామర్రు నుంచి వచ్చానమ్మా, మా అమ్మాయి ఇక్కడేదో పని చేస్తోందంట, ఎక్కడుంటుంది?" అన్నారు. ఎవరో తెలిసి కూడా చెప్పలేదు. "రోజాపూల దగ్గరుందండీ. ఆ బోర్డులు చూసుకుంటూ వెళ్ళండి, దొరుకుద్ది," అన్నాను. ఆయన ప్రతి బోర్డు ముందూ ఆగి, పైకి చదువుకుంటూ, బాణం ఎటుంటే అటు తిరుగుతూ వెళ్ళారు. ఎవర్నీ అడక్కుండానే కూతురి దగ్గరికి చేరారు. తిరిగి వెళ్ళేటప్పుడు కిటికీ దగ్గర ఆగి, "ఇవన్నీ మా అమ్మాయే చేసిందండి," అని నాకు చెప్పారు. ఆ గేటు దగ్గర నిలబడ్డ సోడాబండి అతనికీ చెప్పారు. బస్సెక్కేదాకా ఇంకెంతమందికి చెప్పారో!

ఆ అమ్మాయి చదువు ఆగలేదు. ఇప్పుడు పెద్దపెద్ద ఆసుపత్రులకి బోర్డులు చేస్తోంది, తన కింద పదిమంది పనిచేస్తున్నారు. ఏటా ఒకసారైనా ఫోను చేసి, ఫలానా మాటని మన వాళ్ళు ఏమంటారు ఆంటీ అని అడుగుతుంది. మా అత్తగారు పోయేదాకా, మా కోడలు చెబితే బెజవాడలో బోర్డు పెట్టారు అని మంగళగిరి అంతా చెప్పుకున్నారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నా నడుము నిటారుగా అవుతుంది. అది గర్వమే అయితే గర్వమే అనుకోండి.

పోయిన కార్తీకంలో ఒక్కదాన్నే వెళ్ళి ఉసిరిచెట్ల కింద కూర్చుని వచ్చాను. బోర్డులకి కొత్త రంగులు వేశారు. ఆడపిల్లలు కబుర్లు చెప్పుకుంటూ, బోర్డు వంక ఒక్కసారి చూసి, అడుగు ఆపకుండా వెళ్ళిపోతున్నారు. మన రోజుల్లో కొత్తచోటికి వెళ్తే ముందు ఒక మొహాన్ని వెతుక్కునేవాళ్ళం, ఈవిడని అడగొచ్చా, కసురుకుంటుందా అని. ధైర్యం చేసి అడిగినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, ఏ ఊరినుంచి వచ్చారో, పెద్దపిల్ల కాన్పు ఎలా జరిగిందో చెప్పి, తింటున్న జామకాయలో సగం విరిచి చేతిలో పెట్టేవాళ్ళు. ఈ పిల్లలకి ఎవరి మొహంలోనూ దయ ఉందా లేదా అని వెతుక్కోవాల్సిన అవసరం లేదు. అదే కావాలని ఆరోజు ఆ గదిలో నోరు తెరిచాను, మళ్ళీ నిలబెట్టినా అదే అడుగుతాను. అయినా ఆ సాయంత్రం నేను కూర్చున్నంతసేపట్లో నాతో ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడలేదు.