అత్తయ్య పాడిన ఒకే ఒక్క క్యాసెట్టు

మా మేనత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని "లైన్లో ఉండండి" అని ఆవిడ అంటే, అవతలివాళ్ళు విసుక్కోవడం మరిచిపోయి లైన్లోనే ఉండిపోయేవారట. అలా ఉండిపోయినవాళ్ళలో ఒకాయన బస్సు డ్రైవరు. ఆయనే మా మావయ్య. "ముందు గొంతును చేసుకున్నాను, మనిషిని తర్వాత చూశాను" అనేవాడు, అత్తయ్య ఎదుటే.

పెళ్ళయిన కొత్తలో అత్తయ్య పాప్ పాటల క్యాసెట్టు ఒకటి విడుదల చేసింది. గిటార్లు వాయించింది ఎక్స్ఛేంజీలో తోటి ఉద్యోగులే. అట్టమీద ఎవరి దగ్గరో అరువు తెచ్చిన నల్లకళ్ళజోడు పెట్టుకుని, గోడకు జారబడి, మహా పొగరుగా చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మంటే నాకు ఇప్పటికీ ప్రాణం. మా వంశంలో ఇంకెవరూ కెమెరాను అలా బెదిరించలేదు.

తర్వాత పత్రికల్లో సమీక్షలు వచ్చాయి. ఒకాయన అట్టమీది జుట్టు గురించి రాసి ఊరుకున్నాడు. వారపత్రికాయన పాటలన్నీ విన్నాడు, అదే కొంప ముంచింది. "ఎవరో తరుముతున్నట్టు పాడింది. రాంగ్ నంబర్ అని చెప్పడానికి ఈ గొంతు చాలు" అని రాశాడు. రాసినవాడికేం, చేతిలో కలం ఉంది, గీకేశాడు. అత్తయ్య ఆ రోజునుంచి కూనిరాగం కూడా మానేసింది. ఆ పాటలు మీవేనా అని ఎవరైనా అడిగితే "కాదండీ, నా పేరే ఉన్న ఇంకెవరో" అనేది.

మావయ్యకు ఇల్లు బోసిపోయింది. ఇంట్లో క్యాసెట్టు మోగడానికి వీల్లేదని అత్తయ్య ఆజ్ఞ. అందుకని తీసుకెళ్ళి బస్సులో పెట్టుకున్నాడు. అత్తయ్య ఆ బస్సెక్కడం మానేసి, చుట్టుదారి బస్సులో ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టింది. అలాగే ఏళ్ళు గడిచాయి.

"ఒక్కసారి పాడవే, వంటింట్లోనైనా సరే," అని బతిమాలేవాడు.

"కూర మాడుతోంది, తప్పుకోండి," అనేది.

నేను కాలేజీలో చేరిన ఏడాది, వాన కురుస్తున్న ఒక ఉదయం, చుట్టుదారి బస్సు ఎంతకీ రాలేదు. నా కాలేజీ దారీ అదే. గత్యంతరం లేక ఇద్దరం మావయ్య బస్సు వెనక తలుపులోంచి ఎక్కాం. జనం కిటకిటలాడుతున్నారు. పాట మోగుతోంది. ఎవరూ పనిగట్టుకుని వినడం లేదు, కానీ కిటికీ పక్కన కూర్చున్న నర్సు, సంచీ ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన, ఆఖరికి కండక్టరు కూడా పెదవులు కదుపుతున్నారు. అత్తయ్య కడ్డీ పట్టుకుని తల వంచుకుంది. నాకు ఏడుపొచ్చింది.

మొదటి చరణం అయింది. పల్లవి వచ్చింది. ఆ వెంటనే ఇంకో పాట మొదలైంది.

అత్తయ్య తలెత్తింది. "ఏమండీ, రెండో చరణం ఏదీ?" అని వెనకనుంచి కేకేసింది. బస్సంతా తిరిగి చూసింది.

మావయ్య అద్దంలో ఆవిడను చూసి గతుక్కుమన్నాడు. "టేపు నలిగిపోయిందే. ఆ ముక్క కత్తిరించి అతికించాను."

"ఎప్పుడు?"

"చాలా ఏళ్ళయింది. ఎవరూ అడగలేదు."

"అడక్కపోతే? అది లేకుండా పాటెలా అవుతుంది? ఆపండి దాన్ని."

ఆయన టేపు ఆపాడు. కోపంలో బిడియం సంగతి మరిచిపోయినట్టుంది, అత్తయ్య తడి గొడుగు చంకలో పెట్టుకుని అక్కడే రెండో చరణం ఎత్తుకుంది. గొంతు ముందు బొంగురుపోయింది, తర్వాత దారిలో పడింది. సిగ్నల్ దగ్గర పచ్చలైటు వెలిగినా మావయ్య బస్సు కదపలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

నర్సు అత్తయ్య మోచేతిని మెల్లగా తట్టింది. "ఏమీ అనుకోకండి. మేం రోజూ వినే పాటే ఇది. ఆ ముక్క ఇందులో లేదండీ."

"ఉందమ్మా," అంది అత్తయ్య. "ఇది పాడింది నేనే."