జేడపురుగుల మందు

రెండేళ్ల కిందటి వేసవి. ముళబాగిలు తాలూకాలో పట్టుపురుగులు పెంచే రైతులకు సలహాలిచ్చే ఉద్యోగం నాది. కురుడుమలె పక్క ఊరినుంచి మునిరత్నమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్, పురుగులు ఆకు ముట్టడం లేదు. ఒకసారి వచ్చి చూడండమ్మా."

నేను వెళ్లేసరికి పురుగులు తలలెత్తి మెలికలు తిరుగుతూ పచ్చటి ద్రవం కక్కుతున్నాయి. ఫిఫ్త్ ఇన్‌స్టార్, అంటే గూడు కట్టేముందు ఆఖరి దశ. ఇది జబ్బు కాదని చూడగానే తెలిసింది.

"ఏం మందు కొట్టినారమ్మా?"

"జేడపురుగులకి. గోడమీద రయ్యిమని పరిగెత్తుతా ఉండాయి. మా ఆయప్ప టౌన్లో మందుల అంగడికి పోయినాడు. ఇది విషం జేడ, రాత్రికి రాత్రి పురుగులన్నీ పీల్చేస్తాదని ఫోన్లో వీడియో చూపిచ్చినాడంట అంగడాయన."

జేడ అంటే కన్నడంలో సాలీడు. సీసా చూశాను. టొమాటో తోటలకు కొట్టే పురుగుమందు.

గోడవారన రాయి తీస్తే తెల్లటి పట్టుసంచిలో ముడుచుకుని చచ్చిన సాలీడు కనిపించింది. పాలిపోయిన పసుపు రంగు, వేలిగోరంత. సిథేరోనిడే అనే చిన్న కుటుంబానికి చెందినదనిపించింది. ఇవి వల కట్టవు. పగలు రాళ్లకింద పడుకుని, రాత్రి పరుగెత్తి చిన్న పురుగులను వేటాడతాయి. వేలంత ఎదిగిన పట్టుపురుగును ఏమీ చేయలేవు.

నేరుగా అంగడికి వెళ్లాను.

"రేష్మె పురుగుల షెడ్డులో కొడతామని చెప్పినారా, లేదా?"

"చెప్పినారు."

"మరి ఎందుకిచ్చినావప్పా?"

అతను కుర్చీలోంచి లేవలేదు. "జేడలు సచ్చినాయా లేదా, అది చెప్పండి మేడమ్."

మునిరత్నమ్మతో ఫిర్యాదు రాయించి, సీసా తీసుకెళ్లి వ్యవసాయాధికారికి ఇచ్చాను. అంగడి కొన్నాళ్లు మూసి, మళ్లీ తెరిచారు. అంతే.

పురుగులన్నిటినీ గుంటలో పూడ్చినప్పుడు ఆమె భర్త తలెత్తలేదు. "నా చేత్తోనే కొట్టినా కదా," అన్నాడు.

"తెలీక అడిగినావు. తెలిసీ ఇచ్చినాడు వాడు," అంది మునిరత్నమ్మ.

ఆ అంగడివాడికి సాలీడు గురించి ఏమీ తెలియదు. ఎదుటి మనిషి భయపడ్డాడని మాత్రం తెలుసు. అమ్ముకోవడానికి అది సరిపోయింది. ఆ కోపం నాలో ఇంకా తగ్గలేదు, తగ్గాలనీ లేదు. ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్లినా, పురుగులను చూడకముందే ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ బయట పెట్టమంటాను.