తోడికోడలి నిబ్బరం

ఆమె చొక్కాలు కుట్టే దర్జీ. కాలరు కుట్టడంలో ఆమెకు సాటి లేరని షాపులవాళ్లే ఒప్పుకునేవారు. అయినా ఆమె కన్నెప్పుడూ పక్క వాటాలో ఉండే తోడికోడలి మీదే. మరిది పేపరు మిల్లులో పర్మనెంటు ఉద్యోగి. తన భర్తకేమో ఈ నెల ఉన్న పని వచ్చే నెల ఉండదు. తోడికోడలు కొత్త ఇంటికి పునాది తీయించిన రోజు దర్జీ ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టేసింది.

చర్చిలోనూ అంతే. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చునేవారు. దర్జీ కళ్లు మూసుకునేది గానీ, మనసు తోడికోడలి కొత్త చెప్పుల చుట్టూ తిరిగేది.

ఏడాది తిరక్కుండానే మిల్లు మూతపడింది. ఇల్లు మొండిగోడల దగ్గర ఆగిపోయింది. కబురు వినగానే దర్జీకి కడుపులో చల్లగా అనిపించింది. ఓదార్చే నెపంతో బయల్దేరింది. చూడాలనుకున్నది మాత్రం తోడికోడలి ఏడుపు.

తోడికోడలు పెరట్లో దుప్పట్లు పిండుతోంది. "రా అక్కా, ఆ కొస పట్టుకో" అంది. కూనిరాగం మాత్రం ఆపలేదు.

ఆ కూనిరాగం దర్జీని కాల్చేసింది. ఇల్లు లేస్తున్నప్పుడు కూడా ఇంతగా కుళ్లుకోలేదు. వారం తర్వాత ఉండబట్టలేక వెళ్లి అడిగేసింది.

"అన్నీ పోయాయి కదే. ఇంత నిబ్బరంగా ఎలా ఉన్నావు? ఎక్కడైనా ఏమైనా దాచావా?"

"దాచడానికేముందక్కా? రెండు రోజులు నాకూ తిండి సయించలేదు. మిల్లుందిగా, మనకేంటి అనుకునేదాన్ని. అది పోయాక చూసుకుంటే క్రీస్తు ఉన్నాడు. ముందు నుంచీ ఆయనే ఉన్నాడు. నేనే మిల్లుని ఆనుకుని కూర్చున్నాను."

"నేనూ ప్రతి ఆదివారం నీ పక్కనే కూర్చుంటున్నాగా. మరి ఆ నిబ్బరం నాకెందుకు లేదు?" దర్జీ తలుపు రెక్క పట్టుకుంది. "మీ ఇల్లు ఆగిపోయిందని విని నేను సంతోషించానే."

తోడికోడలి ముఖం మాడిపోయింది. లోపలికి వెళ్లిపోయింది. దర్జీ గుమ్మంలోనే నిలబడిపోయింది. చాలాసేపటికి తోడికోడలు తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇది నాకు చెప్పావు. ప్రభువుకు చెప్పావా?"

చెప్పలేదు. ఇన్నేళ్ల ప్రార్థనల్లో దర్జీ ఇల్లు అడిగింది, భర్తకు ఉద్యోగం అడిగింది. అసూయ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఇద్దరూ అక్కడే మోకరించారు.

"ప్రభువా, దీనికున్నవన్నీ నాకు కావాలనుకున్నాను" అంది దర్జీ. "నువ్వొక్కడివీ చాలవనుకున్నాను. క్షమించు."

అసూయ ఆ పూటతో పోలేదు. మరిదికి వేరే ఊళ్లో పని దొరికిందని తెలిసినప్పుడు మళ్లీ చురుక్కుమంది. మిషను ఆపి, ఆ సంగతి ఉన్నదున్నట్టు దేవుడికి చెప్పుకుంది. తర్వాత తోడికోడలి సామాన్లు సర్దడానికి వెళ్లింది. నెలాఖరుకు తన భర్త పని ఆగిపోతుందని ఆమెకు అప్పటికే తెలుసు. అయినా ఆ రోజు ఆమెకు భయం వేయలేదు.