టేపులో ఆపిన దగ్గు

మా బాబాయి మొన్న మంగళవారం పోయారు. అమలాపురం ఆసుపత్రి నుంచి పిన్ని ఫోన్ చేసి, "ఊపిరందలేదే అమ్మా, ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకున్నారే" అంది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో కాదు, మా మీద మాకే.

తొంభైలలో మా రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉత్తరాలు రాయడం తక్కువ. చెప్పాల్సింది క్యాసెట్లో రికార్డు చేసి, సెలవుపై వచ్చేవాళ్ల చేతికిచ్చేవారు. బాబాయిది కువైట్‌లో తాపీపని. ఆయన క్యాసెట్ వస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్లం. "దుమ్ముగాలి లేచిందంటే ఎదర మనిషి కనపడడు. తడి తువ్వాలు మూతికి కట్టుకుని గోడ కడతన్నాం" అని నవ్వేవారు. ఆ నవ్వు మధ్యలో టక్కుమని శబ్దం. ఆ వెంటనే ఇంకేదో మాట. కాసేపటికి మళ్లీ టక్కు.

"ఆ దిక్కుమాలిన టేపు మిషను మార్చమని చెప్పు పిన్నీ" అన్నది నేనే. పిన్ని మా జవాబు క్యాసెట్లో అలాగే చెప్పింది. "ఆయ్, మారుస్తాలే" అన్నారాయన. తర్వాతి క్యాసెట్లలో ఆ శబ్దాలు ఇంకా ఎక్కువయ్యాయి.

మూడేళ్ల క్రితం ఆయన తిరిగొచ్చేసరికి నాలుగు మెట్లు ఎక్కలేని మనిషి. "ఇన్నేళ్ల దుమ్మండి, ఊపిరితిత్తులు పాడైపోయేయి. దగ్గు మొదలైనప్పుడే వచ్చేయాల్సిందండి" అన్నారు డాక్టరుగారు. ఎప్పుడు మొదలైందని నిలదీశాను. బాబాయి నేల చూపులు చూశారు. "దగ్గొస్తే టేపు ఆపేసేవాణ్ణే. మీ పిన్ని వింటే వచ్చేయమంటాది. మా పిల్ల అప్పటికింకా చిన్నది, దాన్ని చదివించాలాయె."

ఇక్కడ కూడా గాలి వీస్తే చాలు, తువ్వాలు తడిపి కిటికీకి కట్టేవారు. సాయంత్రం విప్పి వెలుతురులో పట్టి చూసేవారు. "చూడవే, మరకన్నా లేదు. ఇంత మంచి గాలి, నాకు లోపలికి పోదేంటే" అనేవారు. కూతురు నర్సయింది. ఆఖరి మూడు రోజులూ ఆయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టం సర్దింది ఆ పిల్లే.

నిన్న పిన్ని పాత క్యాసెట్లు తీసింది. ఒకదాంట్లో ఆయన మీట నొక్కడం ఆలస్యమైనట్టుంది, సగం దగ్గు వినబడింది. పిన్ని వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. అలా ఎన్నిసార్లు పెట్టిందో. ఆ దగ్గు వచ్చిన ప్రతిసారీ టేపురికార్డరు మీదికి వంగి, "వచ్చేయండి. ఇంక వచ్చేయండి" అంటోంది.

టక్కుమన్నాక బాబాయి గొంతు, "ఇక్కడంతా కులాసాయే" అంటోంది.